న్యూయార్క్ కో-ఆప్‌లో పెద్దవాళ్లకు ఆస్తి పన్ను రాయితీ: సిటీ ఇస్తుంది, ఇంటిదాకా వచ్చిందో లేదో మీరే చూసుకోవాలి

న్యూయార్క్ నగరంలో కో-ఆప్ అపార్ట్‌మెంట్లలో ఉంటున్న పెద్దవాళ్లకు ఆస్తి పన్ను భారం తగ్గించే పథకాలు ముఖ్యంగా రెండు. ఒకటి సీనియర్ సిటిజన్ హోంఓనర్స్ ఎగ్జెంప్షన్, అంటే ఎస్‌సీహెచ్‌ఈ. రెండోది సీనియర్ సిటిజన్ రెంట్ ఇంక్రీజ్ ఎగ్జెంప్షన్. దీన్ని అందరూ స్క్రీ అంటారు. నిబంధనల వరకు చూస్తే రెండూ మంచి పథకాలు. ఆదాయం తక్కువున్న పెద్దవాళ్లు సొంత ఇల్లు వదిలిపోకుండా నిజంగా కాపాడతాయి. అమలు దగ్గరికి వచ్చేసరికి ఎస్‌సీహెచ్‌ఈకి అయిదులో మూడున్నర, స్క్రీకి నాలుగు ఇవ్వొచ్చు. ఎస్‌సీహెచ్‌ఈకి మార్కులు తగ్గడానికి కారణం సిటీ ఫైనాన్స్ శాఖ కాదు. ఆ శాఖ ఇచ్చిన డబ్బు మీ నెలవారీ బిల్లులోకి రావాలంటే మధ్యలో ఇంకో ఆఫీసు దాటాలి. చిక్కంతా అక్కడే.

హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ కొన్నవాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపిస్తుంది. అక్కడ ప్రతి ఫ్లాటుకూ విడిగా పీటీఐఎన్ నంబరు ఉంటుంది, పన్ను బిల్లు మన పేరు మీదే వస్తుంది, ఏప్రిల్‌లో కడితే వచ్చే 5 శాతం తగ్గింపు కూడా ఆ బిల్లులోనే కళ్లకు కనిపిస్తుంది. కో-ఆప్‌లో అలా ఉండదు. అక్కడ మీరు ఫ్లాటు కొనరు. భవనం మొత్తానికి యజమాని అయిన కార్పొరేషన్‌లో షేర్లు కొంటారు, దానితోపాటు ఆ ఫ్లాటులో ఉండే హక్కు లీజు రూపంలో వస్తుంది. పన్ను బిల్లు భవనం అంతటికీ ఒక్కటే. అది కార్పొరేషన్‌కు వెళ్తుంది. మీ వాటా నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లో కలిసిపోతుంది. మీకొచ్చిన రాయితీ కూడా ముందు కార్పొరేషన్ ఖాతాలోనే పడుతుంది.

అందుకని దరఖాస్తు ఫారం పట్టుకునే ముందు మీ భవనం ఏ రకమో తేల్చుకోవాలి. తప్పు ఫారం నింపి నెలలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. మామూలు ప్రైవేటు కో-ఆప్ అయితే ఎస్‌సీహెచ్‌ఈ. మిచెల్-లామా కో-ఆప్ అయితే స్క్రీ. మిచెల్-లామా అంటే మధ్యతరగతి వాళ్ల కోసం 1955లో న్యూయార్క్ రాష్ట్రం చేసిన చట్టం కింద కట్టిన ఇళ్లు. బ్రాంక్స్‌లో 15 వేలకు పైగా ఫ్లాట్లున్న కో-ఆప్ సిటీ, క్వీన్స్‌లో రోచ్‌డేల్ విలేజ్ ఈ కోవలోవే. మీ నెలవారీ బిల్లు మీద మెయింటెనెన్స్ బదులు క్యారీయింగ్ చార్జ్ అని ఉండి, ఏటా ఇంట్లో అందరి ఆదాయం రాసి అఫిడవిట్ ఇవ్వమంటుంటే అది దాదాపుగా మిచెల్-లామాయే. కార్పొరేషన్ పేరులో హౌసింగ్ డెవలప్‌మెంట్ ఫండ్ అనే మాటలుంటే అది హెచ్‌డీఎఫ్‌సీ. షేర్ సర్టిఫికెట్ మీద ఆ పేరు పూర్తిగా ఉంటుంది, ఒకసారి తీసి చూడండి. హెచ్‌డీఎఫ్‌సీ సంగతి వేరు, దాని గురించి చివర్లో.

ఎస్‌సీహెచ్‌ఈ నిబంధనలు సూటిగా ఉంటాయి. షేర్లు మీ పేరు మీదకు వచ్చి కనీసం 12 నెలలు అయి ఉండాలి. అదే మీ ప్రధాన నివాసం కావాలి. యజమానులందరికీ 65 ఏళ్లు నిండాలి, కానీ భార్యాభర్తలో తోబుట్టువులో అయితే ఒకరికి నిండితే చాలు. యజమానుల, వాళ్ల జీవిత భాగస్వాముల ఉమ్మడి వార్షికాదాయం 58,399 డాలర్లు దాటకూడదు. ఆదాయం 50 వేలు, అంతకన్నా తక్కువ అయితే మీ వాటా అసెస్డ్ వాల్యూలో, అంటే పన్ను వేయడానికి సిటీ కట్టే విలువలో, సగం తీసేసి పన్ను వేస్తారు. 50 వేలు దాటాక రాయితీ ఒక్కసారిగా పోదు, మెట్లుమెట్లుగా దిగుతుంది. 50,999 వరకు 45 శాతం, 51,999 వరకు 40, 52,999 వరకు 35. అక్కణ్నుంచి సుమారు 900 డాలర్లకో మెట్టు చొప్పున తగ్గుతూ 57,500 నుంచి 58,399 మధ్య 5 శాతం దగ్గర ఆగుతుంది. అంటే 50 వేల ఎగువన ఉన్నవాళ్లకు వెయ్యి డాలర్ల ఆదాయం తేడా కూడా లెక్కే. ఏ డిపాజిట్ ఎప్పుడు ముగించుకోవాలి అన్నది ఈ మెట్లు చూసి నిర్ణయించుకోవడం మంచిది.

ఇది చేతికి ఎంత మిగులుస్తుందో లెక్క వేసి చూద్దాం. భవనం అసెస్డ్ వాల్యూ 50 లక్షల డాలర్లు, కార్పొరేషన్ మొత్తం షేర్లు 50 వేలు, మీవి 400 అనుకోండి. మీ వాటా 0.8 శాతం, అంటే 40 వేల డాలర్ల అసెస్డ్ వాల్యూ. కో-ఆప్‌లు క్లాస్ 2లోకి వస్తాయి. 2024-25లో ఆ తరగతి పన్ను రేటు 12.5 శాతం. మీ వాటా పన్ను ఏడాదికి 5 వేల డాలర్లు. పూర్తి ఎస్‌సీహెచ్‌ఈ వస్తే 20 వేల మీదే పన్ను పడుతుంది కాబట్టి మిగిలేది 2,500, నెలకు 208 డాలర్ల పైమాటే. సోషల్ సెక్యూరిటీ పింఛను మీద బతికే దంపతులకు ఇది ఒక నెల మందులు, కూరగాయల ఖర్చు. ఈ లెక్కలో మీ ఫ్లాటు మార్కెట్‌లో ఎంతకు అమ్ముడుపోతుందన్న ప్రశ్నే రాలేదు చూడండి. రాష్ట్ర చట్టం ప్రకారం కో-ఆప్ భవనానికి అద్దె భవనంలాగా విలువ కడతారు. దానిలో 45 శాతం అసెస్డ్ వాల్యూగా మొదలవుతుంది. పక్క ఫ్లాటు ఎక్కువకు అమ్ముడుపోయిందని మీ పన్ను దానంతట అదే పెరగదు.

దరఖాస్తు గడువు మార్చి 15. అప్పటికి అందితే జులై 1 నుంచి మొదలయ్యే పన్ను సంవత్సరానికి వర్తిస్తుంది. ఒక్కరోజు దాటినా ఏడాది ఆగాల్సిందే. వయసు విషయంలో మాత్రం కాస్త వెసులుబాటు ఉంది. దరఖాస్తు రోజుకు 65 నిండకపోయినా ఆ డిసెంబరు 31 లోపు నిండితే సరిపోతుంది. ఆన్‌లైన్‌లోనూ పెట్టొచ్చు, కాగితం ఫారం పోస్టులోనూ పంపొచ్చు. వయసు రుజువు, యజమానులందరి ఆదాయ పత్రాలు, షేర్ సర్టిఫికెట్ నకలు, భవనం నిర్వహణ చూసే మేనేజ్‌మెంట్ కంపెనీ వివరాలు దగ్గర పెట్టుకోండి. ఆదాయం ఏ సంవత్సరానిది అడిగారో ఫారం మీదే ఉంటుంది. కొత్త ఆదాయ పన్ను రిటర్న్ చేతిలో ఉంది కదా అని దాన్ని జతచేస్తే పత్రాలు సరిపోలేదని లేఖ వస్తుంది, దానికి జవాబిచ్చేలోపు కాలం గడిచిపోతుంది.

మన కుటుంబాల్లో దరఖాస్తు తిరిగివచ్చేది ఎక్కువగా మూడు చోట్ల. మొదటిది షేర్ సర్టిఫికెట్ మీద పేర్లు. ఫ్లషింగ్‌లో బౌన్ స్ట్రీట్ గణేశ గుడికి నడిచి వెళ్లేంత దూరంలోనో, ఫారెస్ట్ హిల్స్‌లోనో కొడుకో కూతురో డబ్బు పెట్టి అమ్మానాన్నల కోసం కో-ఆప్ కొంటారు. రేపు వారసత్వం సులువవుతుందని తమ పేరు కూడా కలుపుతారు. ఆ ఒక్క పేరుతో అర్హత మొత్తం పోతుంది. తల్లీ కొడుకూ ఉమ్మడి యజమానులైతే కొడుక్కి కూడా 65 నిండాలి, అతనూ ఆ ఇంట్లోనే ఉండాలి. భార్యాభర్తలకీ తోబుట్టువులకీ ఉన్న సడలింపు తల్లిదండ్రులకీ పిల్లలకీ లేదు. వారసత్వమే ఉద్దేశమైతే ట్రస్టు ద్వారా చేసుకునే దారి ఉంది. షేర్లు ట్రస్టులో ఉన్నా అందులో ఉండే పెద్దవాళ్లకు ఎస్‌సీహెచ్‌ఈ వస్తుంది. కాకపోతే షేర్లు ట్రస్టుకు మార్చాలంటే కో-ఆప్ బోర్డు, అంటే వాటాదారులు ఎన్నుకున్న పాలకవర్గం, అనుమతి కావాలి. కొన్ని బోర్డులు ఒప్పుకోవు కాబట్టి కొనకముందే అడగాలి. ఇప్పటికే పేరు కలిపి ఉంటే తీయించే ముందు లాయరుతో మాట్లాడండి. పేరు తీయడమంటే షేర్ల బదిలీయే, దానికి బోర్డు ఫీజులూ పన్ను పత్రాలూ ఉంటాయి.

రెండోది ఆదాయం లెక్క. ఇక్కడి సోషల్ సెక్యూరిటీయే కాదు, హైదరాబాద్‌లో ఇంటి అద్దె, బ్యాంకులో ఎఫ్‌డీ వడ్డీ కూడా లెక్కలోకి వస్తాయి. అమెరికా పన్ను చట్టం దృష్టిలో నివాసి అయినవారు ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా రిటర్న్‌లో చూపాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఇండియా బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉంటుంది, అమెరికా రిటర్న్ జనవరి నుంచి డిసెంబరు వరకు. ఆ సర్టిఫికెట్ అంకెనే డాలర్లలోకి మార్చి రాస్తే తప్పవుతుంది. నెలవారీ స్టేట్‌మెంట్లు తీసి జనవరి నుంచి డిసెంబరు వరకు వడ్డీ కూడుకోవాలి. ఆ కాగితం రిటర్న్‌తోపాటు దాచుకోండి. రిటర్న్‌లో ఒక అంకె, దరఖాస్తులో ఇంకో అంకె ఉంటే సిటీ నిలదీసేది దాని గురించే.

మూడోది ప్రధాన నివాసం. చలికాలం రాగానే ఊరికెళ్లి ఉగాది దాకా అక్కడే ఉండే పెద్దవాళ్లు చాలామంది. వెళ్లిరావడంలో తప్పేమీ లేదు. కానీ రిటర్న్ మీద చిరునామా, గుర్తింపు కార్డు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, మెడికేర్ లేఖలు అన్నీ ఈ ఫ్లాటు చిరునామాతోనే ఉండాలి. ఉత్తరాలు పోకుండా ఉంటాయని అన్నిటికీ న్యూజెర్సీలో ఉన్న కొడుకు ఇంటి చిరునామా ఇచ్చినవాళ్లకు ఇక్కడ ఇబ్బంది వస్తుంది. రెన్యువల్ నోటీసు కూడా మీరు ఇండియాలో ఉన్న నెలల్లోనే రావచ్చు. ఎస్‌సీహెచ్‌ఈ రెండేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. చేయకపోతే రాయితీ ఆగిపోతుంది. ఆగినట్టు తెలిసేది మెయింటెనెన్స్ బిల్లు పెరిగాకే.

అసలు కీలకం ఇక్కడుంది. దరఖాస్తు మంజూరయ్యాక సిటీ మీకు చెక్కు పంపదు. భవనం పన్ను బిల్లులో ఆ మేరకు తగ్గిస్తుంది. ఏ యూనిట్‌కు ఏ రాయితీ ఎంత వచ్చిందో చెప్పే పట్టిక మేనేజ్‌మెంట్ కంపెనీకి వెళ్తుంది. అక్కణ్నుంచి దాన్ని మీ ఖాతాలో జమ చేయాల్సింది కో-ఆప్ కార్పొరేషన్. చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. రాయితీ వల్ల తగ్గిన పన్ను ఆ వాటాదారు కట్టాల్సిన దానిలోంచే తగ్గించాలి, భవనం ఖర్చుల్లో కలుపుకోవడానికి లేదు. అయినా కలిసిపోతుంది. చాలాసార్లు దురుద్దేశం ఉండదు. మేనేజ్‌మెంట్ కంపెనీ మారినప్పుడు పాత పట్టిక కొత్తవాళ్లకు చేరదు. యూనిట్ నంబరు తప్పు పడుతుంది. షేర్లు చేతులు మారిన సంగతి సిటీ రికార్డుకు ఎక్కదు. ఇల్లు కొన్నప్పటిలా కో-ఆప్‌కు దస్తావేజు రిజిస్టర్ అవ్వాల్సిన పనిలేదు, కాబట్టి యజమాని పేరు, షేర్ల సంఖ్య సిటీకి తెలిసేది చాలావరకు మేనేజ్‌మెంట్ పంపే జాబితా ద్వారానే. అందులో పాత యజమాని పేరు మిగిలి ఉంటే మీ దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

దీనితో కలిపి గందరగోళపడే ఇంకో రాయితీ ఉంది, కో-ఆప్ అబేట్‌మెంట్. అర్హత ఉన్న భవనంలో అది వయసుతో సంబంధం లేకుండా, ప్రధాన నివాసంగా ఉంటున్న వాటాదారులకు వస్తుంది. భవనంలో ఒక్కో ఫ్లాటు సగటు అసెస్డ్ వాల్యూ 50 వేల లోపైతే పన్నులో 28.1 శాతం, 60 వేలు దాటితే 17.5 శాతం. దరఖాస్తు పెట్టేది మీరు కాదు, ఫిబ్రవరి 15 లోపు మేనేజ్‌మెంట్ పెట్టాలి. చాలా బోర్డులు ఒక చేత్తో ఈ అబేట్‌మెంట్ జమ చేసి, అదే నెల రెండో చేత్తో దాదాపు అంతే మొత్తాన్ని అసెస్‌మెంట్‌గా, అంటే భవనం కోసం అదనపు వసూలుగా, అందరి మీదా వేస్తాయి. బాయిలర్‌కో పైకప్పుకో నిధి కావాలి కాబట్టి అది మామూలే. బిల్లులో రెండు పద్దులూ కొట్టుకుపోయి ఏమీ మిగలకపోవడం చూసి, ఎస్‌సీహెచ్‌ఈ కూడా అందులోనే పోయిందనుకుని ఊరుకునేవాళ్లున్నారు. ఊరుకోకండి. అసెస్‌మెంట్ షేర్ల లెక్కన అందరి మీదా పడుతుంది. ఎస్‌సీహెచ్‌ఈ మీ ఒక్కరిది. మీ స్టేట్‌మెంట్‌లో అది విడి పద్దుగా కనిపించి తీరాలి.

ఎలా పట్టుకోవాలంటే, భవనం బరో-బ్లాక్-లాట్ నంబరు, అంటే సిటీ రికార్డుల్లో ఆస్తిని గుర్తించే నంబరు, కనుక్కోండి. క్వీన్స్ అయితే 4తో మొదలవుతుంది. సిటీ ఆస్తి పన్ను సైటులో ఆ నంబరు కొడితే భవనం బిల్లులు తెరుచుకుంటాయి. విలువ ఎక్కువున్న భవనాలకు బిల్లు జులై 1న, జనవరి 1న, రెండుసార్లు చెల్లింపు ఉంటుంది. తర్వాత మేనేజ్‌మెంట్‌కు ఫోన్ చేయకుండా ఈమెయిల్ రాయండి. నా యూనిట్‌కు ఈ పన్ను సంవత్సరంలో ఎస్‌సీహెచ్‌ఈ కింద ఎంత వచ్చింది, దాన్ని ఏ నెల బిల్లులో జమ చేశారు, సిటీ పంపిన పట్టికలో నా యూనిట్ ఉన్న వరుస నకలు పంపండి అని మూడే మాటలు. పైన చెప్పినట్టు షేర్ల లెక్క వేసుకుంటే రావాల్సిన అంకె మీ దగ్గర ఉంటుంది. కొన్ని కో-ఆప్‌లు నెలనెలా పంచుతాయి, కొన్ని ఏడాదికోసారి జమ చేస్తాయి. రెండింటిలో ఏదైనా సరే, సెప్టెంబరు దాటినా ఎక్కడా కనిపించకపోతే బోర్డు కోశాధికారికి రాతపూర్వకంగా అడగాల్సిన సమయం వచ్చినట్టే. చాలా మేనేజ్‌మెంట్ ఆఫీసులు ఈ స్థాయి ప్రశ్న వచ్చేసరికి లెక్క సరిచేస్తాయి.

మిచెల్-లామా వాళ్లకు ఈ బాధ తక్కువ. అక్కడ భవనం పన్ను ముందే తక్కువగా ఉంటుంది. మామూలుగా అసెస్డ్ వాల్యూ మీద కాకుండా షెల్టర్ రెంట్ మీద, అంటే కరెంటు, నీరు వంటి ఖర్చులు తీసేసిన అద్దె రాబడి మీద కొంత శాతమే కడతారు. వ్యక్తిగతంగా పెద్దవాళ్లకు దొరికేది స్క్రీ. 62 ఏళ్లు నిండి, ఇంటి ఆదాయం 50 వేల డాలర్ల లోపు ఉండి, పన్నులు పోను చేతికొచ్చే నెల ఆదాయంలో మూడో వంతు కన్నా ఎక్కువ క్యారీయింగ్ చార్జ్‌కే పోతుంటే అర్హులు. ఈ భవనాలకు దరఖాస్తు ఫైనాన్స్ శాఖకు కాదు, గృహనిర్మాణ శాఖ అయిన హెచ్‌పీడీకి పెట్టాలి. స్క్రీ చార్జీని తగ్గించదు, ఉన్నచోట ఆపుతుంది. చేతికొచ్చే ఆదాయం నెలకు 3 వేలు, చార్జ్ 1,050, కొత్తగా 1,120కి పెంచారనుకోండి. మూడో వంతు వెయ్యి, పాత చార్జ్ 1,050, రెండింటిలో పెద్దది 1,050. మీరు అంతే కడతారు. మిగతా 70 డాలర్లను సిటీ ఆ కో-ఆప్ ఆస్తి పన్నులో తగ్గిస్తుంది. కార్పొరేషన్‌కు రావాల్సిన డబ్బు తగ్గదు కాబట్టి వాళ్లూ కాగితాలు చకచకా కదిలిస్తారు. ఎస్‌సీహెచ్‌ఈ కన్నా ఇది సాఫీగా నడవడానికి ముఖ్య కారణం ఇదే. పెంపు ప్రకటన రాగానే దరఖాస్తు పెట్టాలి, ఆలస్యమైనకొద్దీ ఎక్కువ చార్జ్ కట్టిన నెలలు మీదపడతాయి.

ఒక తేడా మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. ఎస్‌సీహెచ్‌ఈలో చూసేది యజమానుల, వాళ్ల భార్య లేదా భర్త ఆదాయమే. స్క్రీలో ఆ ఇంట్లో ఉండే అందరి ఆదాయం. ఉద్యోగం చేసే మనవడు వచ్చి అమ్మమ్మతో ఉంటే ఎస్‌సీహెచ్‌ఈకి ఏమీ కాదు. స్క్రీ మాత్రం పోవచ్చు. మిచెల్-లామా వార్షిక అఫిడవిట్‌లో అతని పేరు రాసి స్క్రీ కాగితంలో వదిలేయడం పనికిరాదు, రెండూ పోల్చి చూస్తారు.

రెండు పథకాల మీదా ఒక గట్టి ఫిర్యాదుంది. స్క్రీ ఆదాయ పరిమితి 50 వేలు అయింది 2014లో, ఎస్‌సీహెచ్‌ఈది 58,399 అయింది 2017లో. 2024 వరకు అవి కదల్లేదు. ఈలోగా సోషల్ సెక్యూరిటీ 2022లో 5.9 శాతం, 2023లో 8.7 శాతం పెరిగింది. అది ధరలకు సరిపడా పెంచినదే, కొనే శక్తి పెరిగింది లేదు. అయినా ఆ పెంపే కొందరిని పరిమితి దాటించింది. ధరలతోపాటు పరిమితి ఏటా పెరిగేలా చట్టంలోనే రాయాలి. గీతకు దగ్గరగా ఉన్న పెద్దవాళ్లకు ఇది అన్యాయం.

హెచ్‌డీఎఫ్‌సీల సంగతి. తక్కువ ఆదాయం వాళ్లకోసం ఉన్న ఈ కో-ఆప్‌లలో ఎస్‌సీహెచ్‌ఈ సాధారణంగా కుదరదు. భవనానికున్న పన్ను ఒప్పందాన్ని బట్టి కొన్నిట్లో స్క్రీ కుదురుతుంది, మేనేజర్ని అడిగి తేల్చుకోవాలి. వీటిలో చాలావాటికి అసెస్డ్ వాల్యూకి పైకప్పు పెట్టిన డ్యాంప్ అనే మినహాయింపు ఉంది. దాని గడువు 2029. అమ్మానాన్నల కోసం చవగ్గా హెచ్‌డీఎఫ్‌సీ ఫ్లాటు చూస్తున్నవాళ్లు, గడువు తీరాక పన్ను విషయంలో బోర్డు ఏం ఆలోచిస్తోందో, సిటీతో రెగ్యులేటరీ ఒప్పందం చేసుకుందో లేదో, పన్ను బకాయిలున్నాయో కొనకముందే రాతలో తెలుసుకోవాలి. ఇప్పటి తక్కువ చార్జీ చూసి నిర్ణయం తీసుకోవద్దు.

సహాయం కావాలంటే సిటీ హెల్ప్‌లైన్ 311కి ఫోన్ చేస్తే చాలు. సిటీ ఫారాలు బెంగాలీ, ఉర్దూల్లో దొరుకుతాయి గానీ తెలుగు ఆ జాబితాలో లేదు. ఫోన్‌లో మాత్రం 311కి 175కు పైగా భాషల్లో దుబాసీ సదుపాయం ఉంది. లైను కలవగానే ఇంగ్లీషులో తెలుగు అన్న ఒక్కమాట చెప్పి ఆగమనండి. అమ్మానాన్నల తరఫున పిల్లలు మాట్లాడేటప్పుడు వాళ్లు పక్కనే ఉండాలి, వివరాలు చెప్పే ముందు వాళ్ల అనుమతి అడుగుతారు. దరఖాస్తు పంపాక వచ్చే రసీదు నంబరు, పంపిన ప్రతి కాగితం నకలు ఒక ఫైల్లో పెట్టి, ఆ ఫైల్ ముందు అట్ట మీద రెన్యువల్ చేయాల్సిన సంవత్సరం పెద్ద అక్షరాలతో రాయండి.